లాబీలో జానెడు చెల్క

ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్నా నీళ్లు నన్ను వదల్లేదు. శంషాబాద్ చుట్టూ కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టుకున్న పిల్లలు ఎవరో ఒకరు నా నంబరు సంపాదించి ఫోన్ చేస్తూనే ఉంటారు. "మేడం, నైట్రేట్ ఎక్కువ చూపిస్తోంది, ఏం చేయమంటారు?" అంటారు. అడుగున లోతుగా ఇసుక పరచమంటాను. సరేనంటారు. కొన్నాళ్లకు మళ్లీ ఫోన్. "మేడం, ఇసుక లోపల నల్లగా అవుతోంది. ఒకసారి కలిపేద్దామా?" అప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. "కలిపావంటే మీ ఇంటికొచ్చి మరీ తంతాను" అంటాను. వాళ్లు నవ్వుతారు. నేను నవ్వులాటకు అనలేదని వాళ్లకు తెలియదు కదా, అందుకే ఈ సంగతంతా ఒకసారి రాసి పెడుతున్నాను. చదివాక ఇసుకలో చెయ్యి పెడతారో లేదో మీ ఇష్టం.

విమానాశ్రయం దారిలో ఉన్న ఒక పెద్ద హోటల్లో నేను నీళ్లు చూసేదాన్ని. తాగే నీళ్లు, ఈతకొలను నీళ్లు, బాయిలర్ నీళ్లు, చివరికి మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు కూడా నాదే. చదివింది కెమిస్ట్రీ. చేసింది మాత్రం రోజంతా సీసాల్లో నీళ్లు పట్టుకుని మెట్లెక్కడం, దిగడం. అందరూ 'నీళ్ల మేడం' అనేవాళ్లు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు ఎవరూ అలా పిలవడం లేదంటే లోపల ఎక్కడో వెలితిగా ఉంటుంది.

ఆ హోటల్ లాబీలో, రిసెప్షన్‌కు ఎదురుగా, గోడ పొడవునా ఒక గాజు తొట్టి ఉండేది. సముద్రపు తొట్టి. లోపల ప్రాణమున్న పగడాలు, వాటి సందుల్లో తిరిగే నారింజ రంగు చారల చేపల జంట, అరచేయంత పసుపు చేప ఒకటి, మీసాలు ఆడిస్తూ రాయి కింద దాక్కునే ఎర్ర రొయ్య ఒకటి. విమానం దిగి నిద్రకళ్లతో వచ్చినవాళ్లు చేతిలో పెన్ను అలాగే పట్టుకుని దాని ముందు నిలబడిపోయేవాళ్లు. సముద్రానికి ఇంత దూరంలో, రాళ్లగుట్టల మధ్య, ఆ నీలపు వెలుగును చూస్తే నాకూ గర్వంగానే ఉండేది. కాకపోతే దాన్ని బతికించే పని కూడా నా నెత్తినే పడింది.

చేప తిన్నది, మిగిల్చింది, విసర్జించింది, అన్నీ చివరికి నైట్రేట్‌గా మారి నీళ్లలో పేరుకుంటాయి. చేపలు కొంతవరకు ఓర్చుకుంటాయి. పగడాలు ఓర్చుకోవు. రంగు పోయి, ముడుచుకుని, ఆఖరుకు సున్నపు పుల్లల్లా మిగిలిపోతాయి. మా తొట్టికి ఇంకో శని ఏమిటంటే అతిథుల పిల్లలు. పాపం ఆకలేస్తుందేమోనని పైనుంచి బిస్కెట్లు వేసేవాళ్లు. వాళ్ల అమ్మలు ఫొటోలు తీసేవాళ్లు. నేను పాత నీళ్లు తోడి పారబోయడం, కొత్త ఉప్పునీళ్లు కలిపి పోయడం. ఎంత పోసినా పరీక్ష గొట్టంలో నైట్రేట్ ఎక్కువుందని చెప్పే అదే ఎరుపు. పగడాలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

మా జనరల్ మేనేజరుది గోదావరి పక్క ఊరు. మహా మర్యాదస్తుడు. తిట్టినా 'అండీ' అనే తిట్టేవాడు. దసరాకు ముందు ఒకరోజు నన్ను తొట్టి ముందుకు పిలిపించాడు.

"ఏమండీ, ఇది అక్వేరియమా, శ్మశానమా? వచ్చే వానాకాలంలో ఛైర్మన్ మేడం వస్తున్నారు. ఆవిడ వచ్చేసరికి ఇది కళకళలాడుతూ ఉండాలి. లేదంటే తీయించేసి రంగుదీపాల జలపాతం పెట్టిస్తాను. దానికి రోగాలు రావు కదండీ."

తొట్టి పోతే నాకు బాధ, అంతే. ఇంకో మనిషికి మాత్రం నౌకరీయే పోతుంది. ఆయన ఆ పక్కనే గుడ్డతో అద్దం తుడుస్తూ నిలబడి ఉన్నాడు. మేనేజరు వెళ్లిపోయేదాకా చెయ్యి ఆడించకుండా విన్నాడు.

ఆయన మా తోటమాలి, అందరికీ తోటపెద్దాయన. కందుకూరు వైపు పల్లె. పుట్టినప్పటి నుంచీ చెల్క భూమి, అంటే ఇసుక పాలెక్కువున్న మెట్టనేల దున్ని, ఆముదాలు, కందులు పండించిన మనిషి. ఆ భూమి కాస్తా ప్లాట్లయింది. ఈయన కాంట్రాక్టు కూలీగా మా హోటల్ తోటలోకి వచ్చాడు. నేలను చూస్తే చేతులు ఊరుకునేవి కావు. ఎక్కడ మన్ను గట్టిపడినా మన్ను తవ్వే చిన్న ఖుర్పీ తీసుకుని కూర్చునేవాడు. మన్ను గుల్లగా ఉంటేనే వేరుకు ఊపిరి ఆడుతుందని తోటి మాలీలకు రోజూ పాఠమే. కూర్చుని కూర్చుని మోకాళ్లు అరిగిపోయాయి. దవాఖానలో ఇక గొంతు కూర్చోవద్దన్నారు. గొంతు కూర్చోలేని మాలీ ఎవరికి కావాలి? నేనే పోయి కాంట్రాక్టరుతో కొట్లాడి, తొట్టి పనికి పెట్టించుకున్నాను. నిలబడి చేసే పని. అద్దం తుడవాలి, మేత వేయాలి, బిస్కెట్ల పిల్లల్ని తరమాలి. కాంట్రాక్టరు ఒకటే మాట చెప్పాడు: తొట్టి ఉన్నంతవరకే ఈయన, తొట్టి పోతే ఇంటికే.

"ఏందక్కా, తీసేస్తరంటనా?" అన్నాడు ఆయన ఆరోజు. అందరి ముందు మేడం అనేవాడు, ఎవరూ లేనప్పుడు అక్కా అనేవాడు. వయసులో నాకంటే పెద్దే, అయినా అక్కనే.

"తియ్యనిస్తమా అన్నా? చూద్దాం ఆగు" అన్నాను. చూద్దామన్నానే గానీ ఏం చూడాలో నాకూ తెలియదు.

ఆ తర్వాత చాలా రోజులు ఇంటికెళ్లి వంట పక్కన పెట్టి చదివాను. సముద్రంలో ఇంత చేప ఉంది, ఆ నైట్రేటంతా ఎటు పోతోంది? చాలావరకు అడుగున ఉన్న బురదలోనూ ఇసుకలోనూ తీరిపోతుందట. సన్నటి ఇసుకను జానెడు లోతున పరిచి కదపకుండా వదిలేస్తే, పై పొరలో చిన్నచిన్న పురుగులు, నత్తలు కాపురం పెడతాయి. కిందికి పోయేకొద్దీ గాలి ఉండదు. ఆ గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు నైట్రేట్‌లోంచే తమకు కావలసిన ఆక్సిజన్ లాక్కుంటాయి. మిగిలిన నత్రజని బుడగలుగా పైకి పోతుంది. మందు లేదు, మిషను లేదు. ఇసుక, ఓపిక ఉంటే చాలు.

మేనేజరుకు చెప్తే నవ్వాడు. "ఇసుకతోనాండీ? మాది గోదావరి. ఒక ట్రాక్టరు తెప్పించమంటారా?"

"ఆ ఇసుకతో ఇల్లు కట్టుకోవచ్చు సార్, ఇందులో పనికిరాదు. పగడపు సున్నంతో అయిన ఇసుక కావాలి, రవ్వ కంటే సన్నగా ఉండాలి" అన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు గానీ నా మొహం చూసి ఒప్పుకున్నాడు. నా మొహం ఆ రోజుల్లో అలా ఉండేది.

ఇసుక చెన్నై నుంచి వచ్చింది. కడిగి, చేపల్ని పక్కకు పెట్టి, రాళ్ల చుట్టూ జానెడు లోతున పరిచాం. తోటపెద్దాయన పిడికెడు తీసి అరచేతిలో ఆడించి చూశాడు. "మా చెల్కల దుబ్బ లెక్కనే ఉన్నదక్కా. జర తెల్లగున్నది గంతే" అన్నాడు. ఆరోజు నుంచి దాన్ని ఆయన ఇసుక అనలేదు. "మన చెల్క" అనేవాడు. సెక్యూరిటీ వాళ్లతో, లిఫ్టు దగ్గర ఉండే పిల్లలతో, "మేడం లాబీల చెల్క చేస్తున్నది" అని చెప్పుకునేవాడు.

నేను ఆయనకు అంతా విడమరచి చెప్పాను. నాకు చెప్పడమంటే సరదా, ఆయనకు వినడమంటే సరదా. "కింద గాలి ఉండదన్నా. గాలి లేదు గనకనే పని నడుస్తది. చెయ్యి పెట్టొద్దు" అన్నాను. ఆయన తల ఊపాడు. కొంచెం అనుమానంగానే ఊపాడని నాకు తర్వాత అనిపించింది.

ఇక ఎదురుచూడటం. దసరా పోయింది, దీపావళి పోయింది, క్రిస్మస్‌కు లాబీలో చెట్టు పెట్టి తీసేశారు. ప్రతి వారం నేను గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసేదాన్ని. ఆయన వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవాడు. రంగుల పట్టీతో ఆయనకు పనిలేదు. "మిరపపొడే ఉన్నదక్కా" అనేవాడు. కొన్నాళ్లకు, "ఎర్రమన్ను నీళ్లు" అన్నాడు. ఇంకొన్నాళ్లకు, "నారింజ తొక్క" అన్నాడు. చలికాలం వెళ్లిపోయేసరికి ఒకరోజు గొట్టం చూసి నా వైపు చాపాడు. నేను లాక్కుని చూశాను. పసుపు నీళ్లు! ఎన్నడూ లేనిది, ఇద్దరం లాబీలో నవ్వుతుంటే రిసెప్షన్ అమ్మాయిలు తల ఎత్తి చూశారు. పగడాలు మళ్లీ వేళ్లు విప్పుకున్నాయి. మేనేజరు వచ్చి, "బాగుందండీ" అన్నాడు. ఆయన నోట అది పెద్ద మాట. తోటపెద్దాయన ఆరోజు ఇంటికి పోతూ మిఠాయి కొనుక్కుని పోయాడు.

మట్టల ఆదివారం నుంచి ఈస్టర్ దాకా నేను సెలవు పెట్టాను. రాజేంద్రనగర్‌లో మా చెల్లెలు కొత్తిల్లు కట్టుకుంది. గృహప్రవేశ ప్రార్థన, చుట్టాలు, వంటలు. ఆ వారమంతా హోటల్ మాటే తలచుకోలేదు. ఈస్టర్ ఆరాధన అయి, చర్చి బయట అందరికీ శుభాకాంక్షలు చెప్తున్నాను. ఫోన్ మోగింది.

"అక్కా, చాపలన్ని పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. వాసనొస్తున్నది. ఏమైతుందో తెలుస్తలేదు. నువ్వు రా అక్కా, జల్ది రా."

ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదలు. కట్టుకున్న తెల్లచీరతోనే ఆటో ఎక్కాను.

లాబీ కిటకిటలాడుతోంది. ఈస్టర్ విందు. కొత్తబట్టల పిల్లలు, రంగు వేసిన గుడ్లు, పాటలు. దాని మధ్య తొట్టి ముందు 'మరమ్మతులో ఉంది' అన్న బోర్డు, ఒక బట్ట తెర. తెర తీసేసరికి గుప్పున కుళ్లిన గుడ్ల వాసన. నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. పసుపు చేప పక్కకు వాలిపోయి ఉంది. చారల జంట పైపైన గుటకలు వేస్తున్నాయి. ఇసుక ముందు భాగమంతా పాదులు తీసినట్టు గుల్లగా, బూడిదరంగుగా తిరగబడి ఉంది. వంటశాలలో కబాబులు గుచ్చే పొడుగు సీకు ఒకటి తొట్టి చివర గోడకు ఆనించి ఉంది. ఇంక నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

"ఎవడు చేసిండు ఇది? వాని చేతులు పడిపోను, ఎవడు చేసిండు?"

"నేనే అక్కా" అన్నాడాయన.

పండగ పూట అనకూడని మాటలన్నీ అన్నాను. నీ సేద్యం తగలబడ, నీకు చెప్పిన నన్ను కొట్టుకోవాలి, ఇక మూట కట్టుకుని ఊరికి పో, ఇంకా ఏవేవో. ఆయన తల వంచుకుని అన్నీ విన్నాడు. ఆఖరున మెల్లగా అన్నాడు.

"కింద గాలి లేదంటివి గదక్కా. నువ్వు పోయినంక అద్దంల నుంచి సూస్తే నల్లగైంది. బుడగలు ఇరుక్కున్నయ్. గాలాడక ఏరు కుళ్లినట్టే అనిపిచ్చింది. నువ్వొచ్చేసరికి మంచిగ జేసి పెడ్దామని జర గుల్ల జేసిన. గాలి లేకుంటే ఏది బతుకుతదక్కా?"

నేను గాలి లేదని గొప్పగా చెప్పాను. ఆయన దాన్ని రోగంగా విన్నాడు. వినకేం చేస్తాడు? జీవితమంతా గట్టిపడ్డ నేలను చూసి జాలిపడ్డ మనిషి. తొట్టి మీద ఈయనకున్నంత ప్రాణం ఆ హోటల్లో ఇంకెవరికీ లేదు, నాతో సహా. నల్లబడిన ఇసుకలో గాలి లేక పుట్టిన విషవాయువు అడుగున అణిగి ఉంటుంది. దాన్ని సీకుతో పొడిచి పైకి తెచ్చాడు. ప్రేమతోనే తెచ్చాడు.

తిట్లకు టైము లేదు. పంపు గదిలో ఎప్పుడూ ఒక డ్రమ్ము నిండా ఉప్పునీళ్లు కలిపి ఉంచేదాన్ని. ఆయన్ని దానికి పంపి నేను వంటశాలలోకి పరుగెత్తాను. చెఫ్ విందు హడావుడిలో ఉన్నాడు. కార్గోలో చేపలు వచ్చిన థర్మకోల్ పెట్టెలు మూలన పేర్చి ఉన్నాయి. "ఇవి నాకు కావాలి" అన్నాను. "ఇప్పుడేంటి మేడం, సముద్రాన్ని పార్సిల్ కడ్తున్నారా?" అన్నాడు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని. నా మొహం చూసి తనే నలుగురిని ఇచ్చి పెట్టెలు కడిగించి పంపాడు.

పెట్టెల్లో కొత్త నీళ్లు, గాలి పంపులు. ఒక్కో చేపను, ఒక్కో పగడాన్ని చేత్తో ఎత్తి అందులో దించాం. పసుపు చేప నా చేతిలోనే పోయింది. రాయి ఎత్తితే దాని కింద రొయ్య చచ్చి పడి ఉంది. పగడాల్లో మెత్తని రకాలు చాలావరకు కరిగిపోయాయి. ఆయన ఒక్కో చచ్చినదాన్ని అరచేతిలో పెట్టుకుని పక్కనున్న పళ్లెంలో పెట్టాడు. ఏడవలేదు. తెర అవతల పిల్లల పాటలు నడుస్తూనే ఉన్నాయి.

మేనేజరు తెర పక్కకు తీసి తొంగిచూశాడు. ముక్కు మూసుకున్నాడు. "ఏమైందండీ?"

తోటపెద్దాయన నోరు తెరవబోయాడు. నేను ఆయన కాలు తొక్కాను. "నీళ్లు తిరగబడ్డాయి సార్. నేను చూసుకుంటాను" అన్నాను.

"ఛైర్మన్ మేడం వచ్చేలోపు బాగవ్వాలండీ. కాకపోతే జలపాతమే" అని విందులోకి వెళ్లిపోయాడు. ఎవరు చేశారని అడిగే తీరిక ఆయనకు లేదు, చెప్పే ఉద్దేశం నాకు లేదు. చెప్పిన మరుక్షణం ఈయన గేటు బయట ఉంటాడు. అబద్ధం కూడా చెప్పలేదు, నీళ్లు నిజంగానే తిరగబడ్డాయి.

అన్నీ పెట్టెల్లోకి చేరాక తొట్టి పక్కనుంచి, గోడ వైపు అద్దంలోంచి చూశాను. బండల వెనక ఇసుక ఎలా ఉన్నది అలాగే ఉంది. పైన సన్నటి పురుగుల దారులు, కింద గోధుమరంగు, ఇంకా కింద నలుపు. ఒక్క గీత పడలేదు.

"అన్నా, ఇక్కడ ఎందుకు కెలకలేదు?"

"బండల ఎనక చెయ్యి పోలే అక్కా. సీకు గూడ అందలే. ఇంత సగం మిగిలిపాయెనే అని మనసుల పరేషానైన."

నేను లాబీలోనే గట్టిగా నవ్వాను. తెర అవతల వాళ్లు ఏమనుకున్నారో. "బతికించినవ్ అన్నా! నీకు ఇంకో మూరెడు చెయ్యి ఇయ్యలే దేవుడు, స్తోత్రం!" అన్నాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. సగం ఇసుక బతికి ఉంటే అందులోని జీవులే మెల్లగా మిగతా సగంలోకి పాకుతాయి. మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టక్కర్లేదు.

బఫే వంటకాల ముందు నిలబెట్టే పారదర్శకపు పలక ఒకటి అడిగి తెచ్చి బండల వెంట అడ్డంగా దించాం, వెనక ఇసుక కదలకుండా. ముందు వైపు చెడిన ఇసుకను చిన్న గిన్నెలతో మెల్లగా తోడేశాం. సాయంత్రానికి నీళ్లు పూర్తిగా మార్చాం. వాసన పోయింది. నా తెల్లచీర అంచు నుంచి మోకాలి దాకా నల్లగా అయింది. మా చెల్లెలు పెట్టిన చీర. ఎంత ఉతికినా ఆ నలుపు పోలేదు.

ఆ తర్వాత నెలల్లో ఆయన తొట్టి పనులన్నీ చేసేవాడు, చెయ్యి మాత్రం నీళ్లలో పెట్టేవాడు కాదు. మేత కూడా దూరం నుంచి చల్లేవాడు. "జర ఆ రాయి సరిచెయ్యి అన్నా" అంటే, "నువ్వే చెయ్యక్కా" అనేవాడు. ముందు వైపు కొత్త ఇసుక పరిచాం. కొన్ని వారాలు పోయాక పలక తీసేశాం. వానలు మొదలయ్యాయి. గొట్టంలో రంగు మళ్లీ మిరపపొడి నుంచి మొదలై దిగుతూ వచ్చింది. ఆయన చూసేవాడు గానీ రంగుకు పేరు పెట్టేవాడు కాదు. నాకు ఆ పేర్లు వినాలని ఉండేది. అడగలేకపోయాను.

ఛైర్మన్ మేడం వచ్చేసరికి తొట్టి మళ్లీ వెలుగుతోంది. చారల జంట బతికింది. మిగిలిన పగడాల్లో చాలావి తేరుకున్నాయి. కొత్త పసుపు చేప ఒకటి వచ్చింది. ఆవిడ పెద్ద వయసు మనిషి, చేతికర్ర ఉంది, చూపు మాత్రం సూదే. వెనక మేనేజరు, అన్ని విభాగాల పెద్దలు. నేను ఒక పక్కన. తోటపెద్దాయన గుడ్డ పట్టుకుని ఇంకో పక్కన.

ఆవిడ తొట్టి ముందు చాలాసేపు నిలబడింది. చారల చేపలు అద్దం దగ్గరికి వస్తే పసిపిల్లలా వేలుతో ఆడించింది. "ఎంత బాగుంది!" అంది. మేనేజరు మొహం విప్పారింది. అప్పుడు ఆవిడ కర్రతో కింద చూపించింది.

"మరి ఇదేంటి? అడుగున నల్లగా మురికి పట్టింది. పైన ఇంత అందం, కింద ఇంత మురికి. ఇవాళే తోడించండి."

"తప్పకుండా అమ్మా. ఇప్పుడే" అన్నాడు మేనేజరు. ఆయన సైగ చేస్తే హౌస్‌కీపింగ్ మనిషి పైపు, బకెట్ తేవడానికి పోయాడు.

నేను ముందుకు వచ్చాను. "అమ్మా, అది మురికి కాదు. నైట్రేట్‌ను తగ్గించే సూక్ష్మజీవులు..." అని మొదలుపెట్టాను. ఆవిడ మర్యాదగానే చెయ్యి అడ్డం పెట్టింది. "అవన్నీ తర్వాత వింటానమ్మా. ముందు శుభ్రం చేయించండి" అంది. కోపం లేదు ఆవిడలో. శుభ్రంగా లేని చోటును చూస్తే శుభ్రం చేయాలనిపించే మనిషి, అంతే. నేను మేనేజరు వైపు చూశాను. ఆయన ఇప్పుడొద్దన్నట్టు కళ్లతో చెప్పాడు. పైపు వచ్చేసింది. ఆ మనిషి చొక్కా చేతులు మడుస్తున్నాడు. ఇన్ని నెలల పని ఒక్క బకెట్‌లోకి పోతోంది.

"ముట్టియ్యకురమ్మా!"

లాబీ అంతా తిరిగి చూసింది. తోటపెద్దాయన పైపుకు, తొట్టికి మధ్య నిలబడి ఉన్నాడు.

"ముడితే సస్తయమ్మా. మీ లెక్కనే నేను గూడ ఖరాబైందనుకున్న. మేడం లేనప్పుడు సీకు పెట్టి కెలికిన. పసుపు చాప సచ్చింది. మీసాల రొయ్య సచ్చింది. పగడాలు కరిగిపాయె. నా చేతులతోనే తీసి పళ్లెంల పెట్టిన. ఇగ ముట్టియ్యకురి."

మేనేజరు మొహం మారిపోయింది. "నువ్వా? ఈస్టర్ రోజు ఆ పని చేసింది నువ్వా?"

"నేనే సార్. మేడం మీకు చెప్పలే. నా నౌకరి పోతదని చెప్పలే. ఆమెను ఏమనకురి."

ఆయన కాలు తొక్కడానికి నేను దగ్గర్లో లేను. ఉన్నా ఆగేవాడు కాదు. ఇన్ని నెలలు ఎవరికీ తెలియకుండా దాచింది, తన నోటితోనే అందరి ముందూ పోశాడు. తొట్టి ఉంటేనే తను ఉంటాడని తెలుసు. ఈ మాట చెప్తే తొట్టి ఉన్నా తను ఉండడనీ తెలుసు. తెలిసే చెప్పాడు.

ఛైర్మన్ మేడం ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మరి దీన్నేం చేయాలయ్యా?" అని అడిగింది.

"ఏం చెయ్యొద్దమ్మా. ఏం చెయ్యకుంట ఊకుండాలె, గంతే. గదే కష్టం."

ఆవిడ ఇంకోసారి వంగి ఆ నల్ల చారను చూసింది. పైపు పట్టుకున్న మనిషితో, "తీసుకుపో బాబూ" అంది. మేనేజరుతో ఏమీ అనలేదు. కర్ర ఊతంతో లిఫ్టు వైపు నడిచింది. వెనక వచ్చిన వాళ్లంతా ఆవిడతో పాటే పోయారు.

మేనేజరు పోలేదు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నీళ్లు తిరగబడ్డాయన్నారు కదండీ నాతో?"

"తిరగబడ్డాయి కదా సార్" అన్నాను.

మేనేజరు వంగి తొట్టి అడుగున నల్ల చారను చూశాడు. తోటపెద్దాయన చేతిలో గుడ్డను నాలుగు మడతలు పెట్టి తొట్టి అంచు మీద ఉంచాడు. అప్పగింత అన్నట్టు ఉంచాడు. అద్దం ఒకసారి కింది నుంచి పైకి చూసుకున్నాడు.

"ఇగ పోతున్న సార్" అన్నాడు.

"ఎక్కడికయ్యా?" అన్నాడు మేనేజరు. "వచ్చిన ప్రతివాళ్లూ అది చూసి మురికే అంటారు. రోజూ ఇలా అడ్డం పడతావా? ఇసుక ఎంతవరకు ఉందో అంతవరకు కనబడకుండా బయట చెక్క పట్టీ ఒకటి కొట్టిద్దాం. వడ్రంగిని పంపిస్తాను. నువ్వు పోతే అతనికి కొలతలు ఎవరు చెప్తారు?"

తోటపెద్దాయన అర్థం కానట్టు నా వైపు చూశాడు. "ఉండమంటుండు అన్నా" అన్నాను.

మోకాళ్లు వంచొద్దని దవాఖానలో చెప్పించుకున్న మనిషి ఆ నున్నటి లాబీ నేల మీద కూలబడిపోయాడు. ఈస్టర్ రోజు ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చాడు. నేనూ పక్కనే కూర్చుని ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేముంది. చెక్-ఇన్ కోసం వచ్చిన వాళ్లు మమ్మల్ని దాటుకుంటూ పోయారు. మేనేజరు మమ్మల్ని లేవమనలేదు. తనే ఆ గుడ్డ తీసుకుని, అద్దం మీద ఛైర్మన్ మేడం వేలిముద్రలు పడిన చోట తుడిచాడు.